సిసిలీ కోసం గ్రీకులు, కార్తేజ్: రెండొందల ఏళ్ళు కొట్టుకున్నా ఎందుకు తేలలేదు?

గోదారి గట్టు

అందరికీ నమస్కారం. హన్నిబాల్, ఏనుగులు, ఆల్ప్స్, రోమ్... ఇదంతా ఇక్కడ చాలాసార్లు నలిగిందే. నేను అడిగేది దానికి ముందు కథ, సిసిలీ ద్వీపం కోసం గ్రీకులకూ కార్తేజ్‌కూ (ఇప్పటి ట్యునీషియా తీరంలో ఫినీషియన్లు, అంటే లెబనాన్ తీరం నుంచి వచ్చిన ఓడ వర్తకులు, కట్టిన నగరం) జరిగిన యుద్ధాలు. క్రీ.పూ. 480లో హిమేరా దగ్గర మొదలుపెడితే క్రీ.పూ. 276లో గ్రీకు రాజు పిర్రస్ చేతులు దులుపుకుని వెళ్ళిపోయేదాకా ఆగి ఆగి జరుగుతూనే ఉన్నాయి. ఊళ్ళకు ఊళ్ళు నేలమట్టం. తీరా చివర్లో మ్యాప్ చూస్తే పడమటి కొస కార్తేజ్ చేతిలో, తూర్పు సిరక్యూస్ చేతిలో. మొదట్లో ఎలా ఉందో దాదాపు అలాగే.

రెండు డౌట్లు. ఒకటి, ఇన్నేళ్ళు కొట్టుకుని ఎవరూ ఎవరినీ పూర్తిగా ఎందుకు తరిమెయ్యలేకపోయారు? రెండు, యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా ‘యూరప్‌ని కాపాడిన గ్రీకులు’ అన్న వరసలోనే చెప్తున్నారు. అది నిజమేనా? (తేదీలన్నీ క్రీస్తు పూర్వమే కాబట్టి ప్రతిసారీ రాయక్కర్లేదు.)

పాత నాణెం

మంచి దారం. ముందు ద్వీపంలో ఎవరెవరు ఉన్నారో చూడాలి. గ్రీకులూ కాదు, కార్తేజ్ వాళ్ళూ కాదు, అసలు వాళ్ళు వేరే ఉన్నారు. తూర్పున సికెల్లు, మధ్యలో సికన్లు, పడమట ఎలిమియన్లు. గ్రీకులు 734 ప్రాంతంలో నాక్సోస్‌లో దిగారు. మరుసటి ఏడాదే కొరింత్ నుంచి వచ్చినవాళ్ళు సిరక్యూస్ కట్టారు. ఫినీషియన్లకు పడమట మూడు ఊళ్ళు మిగిలాయి: మోత్యా, పనోర్మస్ (ఇప్పటి పలెర్మో), సోలస్. వీళ్ళకి పక్కనే ఉన్న ఎలిమియన్లతో, అంటే సెగెస్టా వాళ్ళతో, మంచి స్నేహం.

ఇప్పుడు మ్యాప్‌లో సిసిలీ పడమటి కొస నుంచి ఆఫ్రికా ఒడ్డుకు గీత గీయండి. సుమారు 150 కిలోమీటర్లు. తూర్పు నుంచి సార్డీనియాకో స్పెయిన్‌కో పోయే ఓడ ఏదైనా ఈ సందులోంచో, పైన మెస్సీనా జలసంధిలోంచో పోవాలి. కార్తేజ్‌కి కావాల్సింది ఆ మూడు రేవులు. ద్వీపమంతా మింగెయ్యాలన్న ఆత్రం వాళ్ళకి మొదట్లో ఉన్నట్టు కనపడదు. ఆ కొసలో గ్రీకులు కాలు పెట్టబోయినప్పుడల్లా మాత్రం ఊరుకోలేదు. 580 ప్రాంతంలో పెంటాథ్లస్ అనేవాడు లిలిబేయం దగ్గర ఊరు కట్టబోయి చచ్చాడు. 510 ప్రాంతంలో స్పార్టా రాజకుమారుడు డోరియస్ ఎరిక్స్ దగ్గర అదే పని చేసి అలాగే పోయాడు.

మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇందులోనే ఉంది. ఒకడు గుమ్మం కాపాడుకుంటున్నాడు, ఇంకొకడు పొలం పెంచుకుంటున్నాడు. ఇద్దరి లక్ష్యాలూ వేరు.

అగ్గిబరాటా

అంత సాఫ్ట్‌గా చెప్పకండి సార్. 480లో ఏమైంది? అటు పారసీక చక్రవర్తి జెర్క్సీస్ లక్షల సైన్యంతో గ్రీసు మీద పడ్డాడు, ఇటు కార్తేజ్ సేనాని హమిల్కార్ మూడు లక్షల మందితో సిసిలీలో దిగాడు. హిమేరాలో సిరక్యూస్ నియంత గెలోన్ గెలిచిన రోజే సాలమిస్‌లో ఏథెన్స్ గెలిచింది. ఒకే రోజు! ఇది ప్లాన్ కాకపోతే ఇంకేంటి? గ్రీకులు రెండు చోట్లా ఓడిపోయి ఉంటే మనం ఇవాళ ప్లేటో పేరు కూడా విని ఉండేవాళ్ళం కాదు.

ఎర్ర సిరా

ఒకే రోజు అని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు, అదీ సిసిలీ వాళ్ళు చెప్పుకుంటున్నారని. తర్వాతి చరిత్రకారుడు డయొడోరస్‌ని అడిగితే సాలమిస్ కాదు, థర్మోపిలే (అక్కడ పారసీకులదే గెలుపు) జరిగిన రోజు అంటాడు. ఎవరికి ఏ రోజు కలిసొస్తే ఆ రోజు. అరిస్టాటిల్ అయితే ఈ రెండు యుద్ధాలూ ఒకే కాలంలో జరిగినా ఒకదానికొకటి సంబంధం లేదని, దీన్నే ఉదాహరణగా చూపించాడు.

మూడు లక్షలూ అంతే. పది రోజులు ఆ జనానికి తిండీ నీళ్ళూ ఎలా వచ్చాయో ఎవరూ చెప్పరు.

ఇక అసలు గొడవ చూడండి. హిమేరా నియంత టెరిల్లస్ గ్రీకు. అతన్ని ఊళ్ళోంచి తరిమినవాడు అక్రాగాస్ నియంత థెరోన్, అతనూ గ్రీకే. టెరిల్లస్ తన పాత స్నేహితుడు హమిల్కార్ దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాడు. టెరిల్లస్ అల్లుడు అనక్సిలాస్ (రేజియం నియంత, గ్రీకు) సొంత పిల్లల్ని హమిల్కార్‌కి హామీగా పంపి మరీ యుద్ధానికి రమ్మన్నాడు. సెలినస్ అనే గ్రీకు నగరం కార్తేజ్ పక్షం. ఇంకో విషయం, ఆ హమిల్కార్ తల్లి సిరక్యూస్ ఆడపడుచు. ఇందులో యూరప్ ఎక్కడ, ఆసియా ఎక్కడ?

అగ్గిబరాటా

తల్లి ఎవరైతే ఏంటండీ, సైన్యం ఎవరిది అన్నది పాయింట్.

ఎర్ర సిరా

సైన్యం సంగతే చెప్తాను. ఫినీషియన్లు, లిబియన్లు, ఐబీరియన్లు, లిగూరియన్లు, సార్డీనియా వాళ్ళు, కోర్సికా వాళ్ళు. ఇది హెరోడోటస్ లిస్టే. ఈ లిస్టులో సగానికి పైగా పేర్లు యూరప్ వాళ్ళవే.

ఉప్పుటేరు

గ్రీకుల సైన్యం కూడా అచ్చంగా గ్రీకులది కాదు. హిమేరా పడమటి శ్మశానంలో రైలు మార్గం పనులప్పుడు తవ్వితే పది వేలకు పైగా సమాధులు బయటపడ్డాయి. వాటిలో 480 నాటి సామూహిక గోతులు, 409 నాటివి వేరువేరుగా దొరికాయి. అంతా మగవాళ్ళే, వయసులో ఉన్నవాళ్ళే. వరసగా పక్కపక్కన పడుకోబెట్టారు. కొందరి ఎముకల్లో ఈటె మొనలు, బాణం మొనలు అలాగే గుచ్చుకుని ఉన్నాయి. గుర్రాల్ని కూడా పూడ్చారు.

పళ్ళలోని రసాయనాల్ని పరీక్షిస్తే 480లో చచ్చినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళు కాదని తేలింది. 409 వాళ్ళలో బయటివాళ్ళు నాలుగో వంతే. 2022లో డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. 480 గోతుల్లో ఉత్తర యూరప్ నుంచి, నల్లసముద్రం పైన గడ్డి మైదానాల నుంచి, కాకసస్ వైపు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వీళ్ళంతా గ్రీకుల తరఫున పోరాడి, గ్రీకుల చేత పూడ్చబడినవాళ్ళు. హెరోడోటస్, డయొడోరస్ ఎవరూ వీళ్ళ ఊసెత్తలేదు. గ్రీకు మిత్ర నగరాలన్నీ ఏకమై గెలిచాయని రాసుకున్నారు.

గెలోన్ డబ్బున్న నియంత. కిరాయికి ఎవడొస్తే వాణ్ణి పెట్టుకున్నాడు. కార్తేజ్ కూడా అదే చేసింది.

గోదారి గట్టు

ఇది నాకు బొత్తిగా కొత్త. హిమేరా యుద్ధం అసలు ఎలా జరిగిందో ఎవరైనా రెండు ముక్కల్లో చెప్తారా?

పాత నాణెం

సెలినస్ నుంచి హమిల్కార్‌కి వస్తున్న ఉత్తరం గెలోన్ మనుషులకి చిక్కింది, ఫలానా రోజున మా గుర్రపు దళం పంపిస్తున్నాం అని. గెలోన్ ఆ రోజున తన గుర్రపు దళాన్నే పంపాడు. కాపలావాళ్ళు మిత్రులనుకుని లోపలికి రానిచ్చారు. హమిల్కార్ బలిపీఠం దగ్గర ఉండగానే చంపి, ఓడలకు నిప్పు పెట్టారు. ఇది డయొడోరస్ కథ. కార్తేజ్ వాళ్ళు చెప్పుకున్న కథ వేరు: పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హోమం చేస్తూనే ఉన్నాడట, సైన్యం ఓడిపోవడం చూసి ఆ మంటలోనే దూకేశాడట. శవం మాత్రం దొరకలేదు.

కార్తేజ్ 2,000 టాలెంట్ల వెండి కట్టుకుని బయటపడింది. టాలెంటు అంటే సుమారు 26 కిలోలు, లెక్క మీరే వేసుకోండి. గెలోన్ ఆ తర్వాత పడమటి రేవుల జోలికి వెళ్ళలేదు. మోత్యా, పనోర్మస్ చెక్కు చెదరలేదు. ‘ఆసియాని తరిమికొట్టినవాడు’ ఎందుకు ఆగాడో అగ్గిబరాటా గారు చెప్పాలి.

వేపచెట్టు నీడ

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇక్కడ అందరూ యుద్ధాల మీద పడుతున్నారు కానీ, 480కీ 409కీ మధ్య డెబ్బై ఏళ్ళు ఇద్దరూ దాదాపు కదలకుండా ఉన్నారు. అది చూడకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ కాలంలో అక్రాగాస్ (ఇప్పటి అగ్రిజెంటో) ఎంత బలిసిందంటే, 412లో ఎక్సైనెటస్ అనే వాడు ఒలింపిక్స్‌లో గెలిచి వస్తే, తెల్ల గుర్రాలు కట్టిన రథాలే మూడు వందలు ఊరేగింపులో నడిచాయి. టెల్లియాస్ అనే ధనవంతుడి నేలమాళిగలో రాతిలో తొలిచిన మూడు వందల ద్రాక్షసారా తొట్లు ఉండేవట. జ్యూస్ గుడికి ఇరవై అయిదు అడుగుల రాతి మనుషుల్ని నిలబెట్టారు, పై బరువు మోస్తున్నట్టు. ఆ పనికి హిమేరాలో పట్టుబడ్డ ఖైదీలే కూలీలు.

ఇంత డబ్బు ఎక్కడిది? ఆలివ్ తోటల నుంచి. కొన్నది ఎవరు? కార్తేజ్. డయొడోరస్ స్పష్టంగా రాశాడు, అప్పటికి లిబియాలో అలాంటి తోటలు లేవు కాబట్టి అక్రాగాస్ వాళ్ళు పంటంతా కార్తేజ్‌కి అమ్మి కుబేరులయ్యారని. శత్రువు దగ్గర డబ్బు తీసుకుని, శత్రువుల చేత గుడి కట్టించుకున్న ఊరది.

ఆ భోగం ఎక్కడిదాకా పోయిందో చెప్తాను. 406లో కార్తేజ్ సైన్యం గోడ బయట ఉండగా, రాత్రి కాపలా కాసేవాళ్ళకి ఒక నిబంధన పెట్టాల్సి వచ్చింది: ఒక్కొక్కరికి ఒక పరుపు, ఒక దుప్పటి, ఒక గొర్రెతోలు, రెండు దిండ్లు. అంతకు మించి తెచ్చుకోకూడదు. ఇది కఠినమైన నియమం అనుకున్నారట వాళ్ళు.

అగ్గిబరాటా

రెండు దిండ్లు 😂 హాస్టల్‌లో మాకు ఒకటి కూడా ఇవ్వలేదు సార్.

గ్రూప్స్ బ్యాచ్

ఒక చిన్న క్లారిటీ. 409లో వచ్చిన హన్నిబాల్, రోమ్ మీదికి వెళ్ళిన హన్నిబాల్ ఒకరేనా? నోట్స్‌లో కన్ఫ్యూజన్ అవుతోంది.

ఎర్ర సిరా

కాదు. మధ్యలో దాదాపు రెండొందల ఏళ్ళ తేడా. కార్తేజ్ పెద్ద కుటుంబాలు వాడిన పేర్లు గుప్పెడే: హన్నిబాల్, హమిల్కార్, హన్నో, హిమిల్కో, మాగో. తండ్రి పేరు చూడకుండా ముందుకి పోవద్దు. 409 హన్నిబాల్ గిస్కో కొడుకు, హిమేరాలో చచ్చిన హమిల్కార్ మనవడు.

పాత నాణెం

ఆ మనవడు రావడానికి కారణం కూడా గ్రీకుల గొడవే. సెలినస్, సెగెస్టా పొలం గట్ల దగ్గర కొట్టుకున్నాయి. సెగెస్టా మొదట ఏథెన్స్‌ని పిలిచింది. ఏథెన్స్ 415లో వచ్చి, 413లో సిరక్యూస్ రాతి గనుల్లో ఖైదీలై నాశనమైంది. దాంతో సెగెస్టా కార్తేజ్ కాళ్ళ మీద పడింది.

హన్నిబాల్ సెలినస్‌ని తొమ్మిది రోజుల్లో తీసుకున్నాడు. 16,000 మంది చచ్చారు, 5,000 మంది ఖైదీలు, 2,600 మంది అక్రాగాస్‌కి పారిపోయారు. ఇవి డయొడోరస్ అంకెలు. తర్వాత హిమేరా. తాత చచ్చిన చోటికి 3,000 మంది ఖైదీల్ని తీసుకుపోయి చంపించాడు. ఊరు మళ్ళీ లేవలేదు. 406లో అక్రాగాస్ ముట్టడి. సమాధులు తవ్వి ఆ రాళ్ళతో దారి కట్టించాడు, అంతలో శిబిరంలో రోగం పట్టుకుంది, హన్నిబాల్ దాంతోనే పోయాడు. అతని తోటి సేనాని హిమిల్కో పని పూర్తి చేశాడు. లోపల తిండి అయిపోయింది, చలికాలం రాత్రి ఊరంతా లేచి గేలా వైపు నడిచిపోయారు. జ్యూస్ గుడికి కప్పు పడనే లేదు.

అన్నట్టు కార్తేజ్ వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఉంది. కార్తేజ్‌లో దొరికిన ఒక రాతి శాసనంలో ఇద్దరు సేనానులు అక్రాగాస్ పట్టుకున్నారన్న వాక్యాన్ని పండితులు చదివారు. రెండు వందల ఏళ్ళ యుద్ధానికి వాళ్ళ నోటి నుంచి మనకి మిగిలింది దాదాపు ఇంతే. 146లో ఊరు తగలబెట్టాక రోమ్ వాళ్ళు అక్కడి గ్రంథాలయాల్ని ఆఫ్రికా చిన్న రాజులకి పంచేశారు. ఒక్క మాగో వ్యవసాయ గ్రంథాన్ని, 28 సంపుటాలు, తమకు పనికొస్తుందని లాటిన్‌లోకి మార్పించుకున్నారు.

గోదారి గట్టు

అంటే మనం చదివేదంతా ఒక పక్క వాదనే.

వేపచెట్టు నీడ

అవును. పైగా డయొడోరస్ సిసిలీ వాడే, అగిరియం ఊరు. అతను వాడుకున్న పాత చరిత్రకారుడు టిమేయస్ టావ్రొమేనియం వాడు. ఇద్దరూ సిసిలీ వాళ్ళే, తమ శత్రువు గురించి రాశారు. అలాగని పారెయ్యక్కర్లేదు. గ్రీకుల క్రూరత్వాన్నీ వాళ్ళే రాశారుగా. మోత్యా చదవండి.

ఉప్పుటేరు

మోత్యా గురించి నేను చెప్తాను, అక్కడికి వెళ్ళొచ్చాను. మర్సాలా దగ్గర లోతు లేని ఉప్పు కయ్య, చుట్టూ ఉప్పుమడులు, గాలిమరలు. చిన్న పడవలో తీసుకెళ్తారు. ద్వీపం ఎంత చిన్నదంటే తీరిగ్గా నడిచినా గంటన్నరలో చుట్టు పూర్తవుతుంది. నీళ్ళ కింద పాత రోడ్డు ఇంకా ఉంది, మొన్నమొన్నటి దాకా దాని మీద ఎద్దుబళ్ళు నడిచాయి.

397లో డయొనీసియస్ (సిరక్యూస్ నియంత) ఇక్కడికి వచ్చాడు. ఊరివాళ్ళు ముందే ఆ దారి తెంపేసుకున్నారు. అతను రాళ్ళూ మట్టీ పోసి కొత్త దారి వేయించాడు. హిమిల్కో నౌకాదళంతో వెనక నుంచి వచ్చి గ్రీకు ఓడల్ని కయ్యలో బిగించెయ్యబోయాడు. డయొనీసియస్ ఒడ్డున బాణాలు విసిరే యంత్రాలు పెట్టాడు. కాటపుల్ట్ అప్పటికి కొత్త సరుకు, రెండేళ్ళ కిందట అతను సిరక్యూస్‌కి పిలిపించిన పనివాళ్ళే కనిపెట్టారు. హిమిల్కో మనుషులు అలాంటిది చూసి ఎరగరు, వెనక్కి తగ్గారు. ఆ లోపల గ్రీకులు నేల మీద పలకలు పరిచి ఓడల్ని అవతలి సముద్రంలోకి లాక్కుపోయారు.

ఊళ్ళో చోటు లేక ఇళ్ళు ఎత్తుగా కట్టుకున్నారు. అందుకే ఆరు అంతస్తుల చక్రాల బురుజులు తెచ్చారు. గోడ పడ్డాక అసలు నరకం మొదలైంది. బురుజు మీది నుంచి ఎదుటి ఇంటి డాబా మీదికి చెక్క వంతెన వేసి, ఆ ఎత్తులో కత్తులతో కొట్టుకున్నారు. ఊరివాళ్ళకి పోవడానికి చోటు లేదు, వెనక సముద్రం. రోజూ సాయంత్రం బూర ఊది యుద్ధం ఆపేవాడు డయొనీసియస్. అలా అలవాటు చేసి, ఒక రాత్రి బూర ఊదాక మనుషుల్ని నిచ్చెనలతో పంపాడు. దాంతో అయిపోయింది.

చంపుడు మొదలైతే డయొనీసియస్‌కి కంగారు పట్టింది, జాలితో కాదు. చచ్చినవాణ్ణి బానిసగా అమ్ముకోలేం కదా. గ్రీకులు గౌరవించే గుళ్ళలోకి పారిపోండని మోత్యా వాళ్ళకే చాటింపు వేయించాడు. ఆ ఊరి తరఫున పోరాడిన గ్రీకుల్ని మాత్రం శిలువ వేయించాడు. అవును, మోత్యా గోడల మీద గ్రీకులూ ఉన్నారు.

ద్వీపం మీది మ్యూజియంలో 1979లో దొరికిన పాలరాతి యువకుడి విగ్రహం ఉంది. ఒంటికి అతుక్కున్న పల్చటి బట్ట మడతలు రాతిలో చెక్కిన తీరు చూస్తే కాళ్ళు కదలవు. పనితనం పూర్తిగా గ్రీకు, దొరికింది ఫినీషియన్ ఊళ్ళో. కొనుక్కున్నారా, కొల్లగొట్టి తెచ్చారా అన్నది ఇప్పటికీ వాదనే.

అగ్గిబరాటా

సరే, డయొనీసియస్ మంచివాడని నేననను. కానీ అతను లేకపోతే సిరక్యూస్ కూడా సెలినస్ లాగే బూడిదయ్యేది. ఎపిపోలే మిట్ట మీద ఇరవై రోజుల్లో అయిదున్నర కిలోమీటర్ల గోడ కట్టించాడు, 60,000 మందిని పెట్టి. తనే వచ్చి రాళ్ళు మోసేవాడట. అలాంటి నాయకుడు కావాలి అప్పుడు.

ఎర్ర సిరా

ఆ గోడ ఊరిని కార్తేజ్ నుంచి కాపాడింది, అతన్ని ఊరి నుంచి కాపాడింది. 405లో అధికారం ఎలా వచ్చింది? అక్రాగాస్ పోయిందన్న టెన్షన్‌లో జనం ఉంటే, పాత సేనానులు అమ్ముడుపోయారని అరిచి. తర్వాత గేలాలో తనూ ఓడిపోయాడు. గేలా, కమరీనా రెండూ ఖాళీ చేయించాడు. గుర్రపు దళం తిరగబడి ఇంటికెళ్ళి భార్యని హింసిస్తే ఆమె చనిపోయింది. వెంటనే కార్తేజ్‌తో సంధి. ఆ సంధిలో కార్తేజ్ ఒప్పుకున్న షరతుల్లో ఒకటి, సిరక్యూస్ డయొనీసియస్ కింద ఉంటుందని.

ఇంకా చూడండి. తర్వాత కార్తేజ్ మీద యుద్ధం ప్రకటించేటప్పుడు చేసిన మొదటి పని, సిరక్యూస్‌లో కాపురముంటున్న కార్తేజ్ వర్తకుల ఇళ్ళు, రేవులో వాళ్ళ ఓడలు కొల్లగొట్టమని జనాన్ని వదిలెయ్యడం. అంటే అప్పటిదాకా ఆ వర్తకులు అక్కడ హాయిగా వ్యాపారం చేసుకుంటున్నారన్నమాట. కార్తేజ్ లేకపోతే ఇతని ఉద్యోగం లేదు.

వేపచెట్టు నీడ

ఎర్ర సిరా గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. పూర్తిగా తరిమెయ్యాలనుకోలేదని చెప్పలేం. మోత్యా పడిన మరుసటి ఏడాదే, 396లో, హిమిల్కో తిరిగొచ్చి, మెస్సీనాని నేలమట్టం చేసి, సిరక్యూస్ పెద్ద రేవులోకి దిగాడు. ఊరు ఆ పూట పడిపోవాల్సిందే. పడకుండా ఆపింది రోగం. శిబిరం వేసింది చిత్తడి నేలలో, అదీ ఎండాకాలంలో. డయొడోరస్ లక్షణాలన్నీ రాశాడు: ముందు జలుబు, గొంతు వాపు, తర్వాత ఒళ్ళు మంట, నడుం నొప్పి, కాళ్ళు బరువెక్కడం, విరేచనాలు, ఒంటి నిండా పొక్కులు. అయిదో రోజో ఆరో రోజో చావు. పూడ్చేవాళ్ళు లేక శవాలు అలాగే వదిలేశారు.

హిమిల్కో రహస్యంగా 300 టాలెంట్లు ఇచ్చి, కార్తేజ్ పౌరుల్ని మాత్రం ఓడల్లో ఎక్కించుకుని రాత్రికి రాత్రి జారుకున్నాడు. కిరాయి వాళ్ళని, లిబియన్లని అక్కడే వదిలేశాడు. ఇంటికెళ్ళాక బానిస బట్టల్లో వీధులన్నీ తిరిగి తప్పు ఒప్పుకుని, తలుపేసుకుని పస్తులుండి చచ్చాడు. దెమెటర్ గుడి దోచినందుకే ఇదంతా అని భయపడి, కార్తేజ్ వాళ్ళు ఆ గ్రీకు దేవతకి తమ ఊళ్ళో పూజలు మొదలుపెట్టారు. పూజారుల్ని తమ పెద్ద కుటుంబాల నుంచే ఇచ్చారు.

మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. ఈ ద్వీపంలో ముట్టడి అంటే చిత్తడి, ఎండ, రోగం. 406లో, 396లో రెండుసార్లూ ఎక్కువ మందిని చంపింది కత్తి కాదు.

పాత నాణెం

దానికి డబ్బు కూడా కలపండి. కార్తేజ్ సిసిలీలో కొట్టిన వెండి నాణేలు నా దగ్గర ఫొటోల్లో ఉన్నాయి (అసలువి కొనే స్తోమత లేదు). ఒక పక్క సిరక్యూస్ నాణేల మీది జలదేవత అరెథూసా తల, చుట్టూ డాల్ఫిన్లతో సహా కాపీ. రెండో పక్క గుర్రం, ఖర్జూర చెట్టు. కింద ప్యూనిక్ (కార్తేజ్ వాళ్ళ) లిపిలో ‘శిబిరపు జనం’ అని. ఎందుకంటే జీతం తీసుకునే సైనికుడికి సిరక్యూస్ నాణెం మీదే నమ్మకం. శత్రువు ముఖం అచ్చేసి తన సైన్యానికి జీతాలిచ్చింది కార్తేజ్! ఆ వెండి అయిపోతే యుద్ధం ఆగేది, మళ్ళీ వస్తే మొదలయ్యేది.

మధ్యలో జరిగిన సంధుల్లో హాలికస్ నది (ఇప్పటి ప్లాటని) సరిహద్దు అయింది. 338 ప్రాంతంలో టిమోలియన్ కూడా ఆ గీతనే ఒప్పుకున్నాడు.

గోదారి గట్టు

టిమోలియన్ అంటే క్రిమిసస్ నది యుద్ధం కదా? దాని గురించి ఎవరూ చెప్పలేదు.

ఉప్పుటేరు

చిన్నగా చెప్తాను. కొరింత్ నుంచి వచ్చిన ముసలాయన, నియంతల్ని దించాడు. కార్తేజ్ 70,000 మందితో వచ్చిందని ప్లూటార్క్ లెక్క, ఈయన దగ్గర ఆరు వేలు. దారిలో సెలరీ మోపులు మోసుకొస్తున్న కంచర గాడిదలు ఎదురయ్యాయి. గ్రీకులు ఆ ఆకు సమాధుల మీద పెడతారు, సైనికులు హడలిపోయారు. టిమోలియన్ ఆ ఆకే తీసి కిరీటంలా తలకి చుట్టుకుని, ఇస్త్మియన్ పోటీల్లో గెలిచినవాళ్ళకి మా ఊళ్ళో పెట్టేది ఇదే అన్నాడు. కార్తేజ్ సైన్యం సగం నది దాటాక దాడి చేశాడు. వడగళ్ళ వాన కార్తేజ్ వాళ్ళ మొహాల మీద కొట్టింది, బరువైన కవచాలతో బురదలో పడి లేవలేకపోయారు. చచ్చిన పదివేల మందిలో మూడు వేల మంది స్వయంగా కార్తేజ్ పౌరులు. అన్ని కుటుంబాలు ఒకేసారి ఎప్పుడూ పోలేదు. తర్వాత పౌరుల్ని సముద్రం దాటించడానికి వాళ్ళు బాగా జంకారు.

అగ్గిబరాటా

అగథోక్లిస్ లేకుండా ఈ దారం ముగిస్తే ఒప్పుకోను. నా హీరో.

సిరక్యూస్ నియంత. 311లో కార్తేజ్ చేతిలో ఓడిపోయాడు, ఊరు ముట్టడిలో ఉంది. మామూలు మనిషైతే గోడ లోపల కూర్చుంటాడు. ఇతను 310 ఆగస్టులో 60 ఓడలతో తప్పించుకుని, నేరుగా ఆఫ్రికా మీదికే పోయాడు! మరునాడే సూర్యగ్రహణం (ఆగస్టు 15, లెక్క కట్టి తేల్చిన తేదీ). ఒడ్డున దిగగానే దెమెటర్‌కి మొక్కుకున్నానని చెప్పి సొంత ఓడలన్నీ తగలబెట్టించాడు. వెనక్కి పోయే దారి లేదు ఇక.

కార్తేజ్ ముందు యుద్ధం. ఆయుధాలు లేనివాళ్ళకి డాలు గలీబుల్ని కర్రల మీద సాగదీసి ఇచ్చాడు, దూరం నుంచి డాళ్ళలా కనపడటానికి. సైనికులు భయపడుతుంటే, ముందే పట్టించి ఉంచుకున్న గుడ్లగూబల్ని వదిలాడు. మనకైతే గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తాం. వాళ్ళకి అది అథీనా పక్షి, వచ్చి డాళ్ళ మీదా శిరస్త్రాణాల మీదా వాలేసరికి ఇక దేవతే దిగొచ్చిందనుకున్నారు. గెలిచారు. కార్తేజ్ శిబిరం దోస్తే 20,000 జతలకు పైగా బేడీలు దొరికాయట, గ్రీకుల్ని కట్టెయ్యడానికి తెచ్చుకున్నవి. ఇంతకన్నా సినిమా ఏం కావాలి?

ఎర్ర సిరా

సినిమా రెండో సగం కూడా చెప్పండి. సిరీన్ (లిబియా తీరపు గ్రీకు నగరం) నుంచి దాని పాలకుడు ఒఫెల్లాస్‌ని సైన్యంతో సహా స్నేహితుడిగా పిలిపించి, చంపి, ఆ సైన్యాన్ని కలిపేసుకున్నాడు. 307లో పరిస్థితి తిరగబడితే సొంత కొడుకుల్ని, సైన్యాన్ని ఆఫ్రికాలో వదిలేసి ఒక్కడే పారిపోయాడు. ఆ సైనికులు కొడుకులిద్దరినీ చంపి కార్తేజ్‌తో రాజీ పడ్డారు. హిమిల్కో చేసిందే ఇతనూ చేశాడు. ఆ తర్వాతి ఏడాది సంధి, సరిహద్దు మళ్ళీ పాతదే. పైగా కార్తేజ్ దగ్గర డబ్బూ ధాన్యమూ పుచ్చుకున్నాడు.

గ్రూప్స్ బ్యాచ్

అగథోక్లిస్ దాడి చేసినప్పుడే కదా కార్తేజ్ వాళ్ళు 200 మంది పెద్దింటి పిల్లల్ని బలి ఇచ్చింది?

అగ్గిబరాటా

అదే నేను చెప్పేది! వీళ్ళనా మీరంతా వెనకేసుకొస్తున్నది?

వేపచెట్టు నీడ

డయొడోరస్ అలా రాశాడు, నిజమే. కార్తేజ్ తోఫెత్‌లో (మొక్కుబడి రాళ్ళు పెట్టిన ఆవరణ) కాల్చిన పసిపిల్లల ఎముకలున్న కుండలు వేలల్లో దొరికాయి, అదీ నిజమే. బలి ఇచ్చినవా, రోగంతో పోయిన పిల్లల శ్మశానమా అన్నదాని మీద ఎముకలు పరీక్షించినవాళ్ళే రెండు పక్షాలుగా ఉన్నారు. నా మటుకు నాకు కొంతైనా బలి జరిగిందనే అనిపిస్తుంది, శిలల మీది మొక్కుబడి రాతలు చూస్తే. కానీ 3,000 మంది ఖైదీల్ని చంపిన హన్నిబాల్‌నీ, గ్రీకులైనందుకు గ్రీకుల్ని శిలువ వేసిన డయొనీసియస్‌నీ పక్కపక్కన పెట్టి మార్కులు వేసే ఓపిక నాకు లేదు.

మాడరేటర్

తోఫెత్ మీద ఇప్పటికే పెద్ద దారం ఉంది, ఆ వాదన అక్కడ పెట్టండి. ఇక్కడ సిసిలీ వరకే.

గోదారి గట్టు

పిర్రస్ దగ్గరికి వద్దాం. అతను దాదాపు గెలిచేశాడు కదా?

పాత నాణెం

గెలిచాడు, అందుకే నా వాదనకి అతనే పెద్ద సాక్షి. 278లో వచ్చాడు, అగథోక్లిస్ అల్లుడు కూడా. ఎరిక్స్ కోట గోడ తనే ముందు ఎక్కాడు. ద్వీపం మొత్తంలో కార్తేజ్‌కి లిలిబేయం ఒక్కటే మిగిలింది (మోత్యా పోయాక కట్టుకున్న ఊరు, ఇప్పటి మర్సాలా). అప్పుడు కార్తేజ్ ఏం అడిగింది? డబ్బిస్తాం, ఓడలిస్తాం, ఆ ఒక్క రేవు మాకొదిలెయ్యి అని. గ్రీకులు ఒప్పుకోవద్దన్నారు. రెండు నెలలు ముట్టడించినా లిలిబేయం లొంగలేదు, సముద్రం వైపు నుంచి ఓడలు సరుకు దింపుతూనే ఉన్నాయి. నౌకాదళం లేకుండా ఆ రేవు పట్టడం ఎవరి తరమూ కాదు. కొత్త ఓడలకోసం పిర్రస్ గ్రీకు ఊళ్ళని పిండడం మొదలెట్టాడు, ఊళ్ళు తిరగబడ్డాయి, కొన్ని ఏకంగా కార్తేజ్‌తోనే చేతులు కలిపాయి. 276లో వెళ్ళిపోతూ, రోమ్‌కీ కార్తేజ్‌కీ ఎంత మంచి గోదా వదిలిపోతున్నామో అన్నాడట.

ఉప్పుటేరు

ఆ గోదా తలుపు తెరిచింది అగథోక్లిస్ పాత కిరాయి సైనికులే. అతను చచ్చాక ఇళ్ళకి పోకుండా మెస్సీనాలో దూరి, మగవాళ్ళని చంపి, ఊరు కాజేశారు. మామెర్టీన్లు అని పేరు పెట్టుకున్నారు. సిరక్యూస్ రాజు హైరాన్ వాళ్ళ నడ్డి విరిస్తే, ఒకేసారి కార్తేజ్‌కీ రోమ్‌కీ కబురు పెట్టారు. 264లో రోమ్ జలసంధి దాటింది.

ఇక్కడ గోదారి గట్టు గారి రెండో ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. రోమ్ దిగిన రోజున మెస్సీనా బయట పక్కపక్కన శిబిరాలు వేసుకుని, ఒప్పందం రాసుకుని, కలిసి ముట్టడి చేస్తున్నది ఎవరు? సిరక్యూస్, కార్తేజ్.

అగ్గిబరాటా

ఏడాది తిరక్కుండా హైరాన్ ఆ ఒప్పందం చింపేసి రోమ్‌కి 100 టాలెంట్లు కట్టి అటు దూకాడు, అది కూడా రాయండి. చివరికి గ్రీకు ఎటు వెళ్ళాడు? యూరప్ వైపే.

ఎర్ర సిరా

గెలిచే వైపు వెళ్ళాడు. 214లో అతని మనవడు మళ్ళీ కార్తేజ్ వైపు దూకాడు, చూసుకోండి.

గోదారి గట్టు

మీ ఇద్దరికీ దండం 🙏 వేపచెట్టు నీడ గారూ, 396 రోగం లక్షణాలు రాశారు కదా, అది మశూచి అనొచ్చా? మా అక్క డాక్టరు, ఇందాక చదివి వినిపిస్తే పొక్కులు, నడుం నొప్పి రెండూ కలిస్తే ముందు అదే అనుమానిస్తారంది.

వేపచెట్టు నీడ

అలా అనుకున్నవాళ్ళు ఉన్నారమ్మా/బాబూ. విరేచనాలు చూసి టైఫస్, టైఫాయిడ్ అన్నవాళ్ళూ ఉన్నారు. ఒక చిక్కేమిటంటే డయొడోరస్ వర్ణన చాలావరకు ఏథెన్స్ ప్లేగు మీద థుసిడిడీస్ రాసిన వరసలోనే నడుస్తుంది, ఎంతవరకు చూసింది, ఎంతవరకు అరువు తెచ్చుకున్నది అని విడదీయాలి. మీ అక్కగారికి ఆ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి చూపించండి, ఏమంటారో ఇక్కడ రాయండి.